రెండో రెబ్కా

"ఈ వెబ్ పేజీ పెట్టింది మీరు కాదు. పేరు మాత్రం మీదే," అన్నాడు నిఘా విభాగం చీఫ్ హుస్సేన్ సాహెబ్. గుంటూరులో ఓ పత్తి మిల్లు వెనక గది. 2004.

ఏజెంట్ త్రినాథ్ కంప్యూటర్ వైపు చూశాడు. డాక్టర్ రెబ్కా, మిరప శాస్త్రవేత్త. డిగ్రీలు, పరిశోధనా పత్రాలు, ఈమెయిల్. ఫోటోలో మెరిసిపోతున్న యువతి. ఎదురు కుర్చీలో మాత్రం, నేత చీరలో, యాభై ఏళ్ల అసలు రెబ్కా.

"పత్రాలు నావేనండీ. మొహమే నాది కాదు," అందావిడ.

"ఆ మొహం భవ్యది. విదేశీ ముఠా మనిషి," అన్నాడు చీఫ్. "బొబ్బ తెగులును తట్టుకునే మిరప విత్తనం డాక్టర్ అంకమ్మరావు దగ్గరుంది. ఈ పేజీ నమ్మి, ఇవాళ ఒంగోలు సెమినార్లో ఆమె చేతికి ఇవ్వబోతున్నాడు. అది మార్టెన్స్ అనేవాడి ద్వారా దేశం దాటుతుంది. రేపు మన విత్తనం మనమే వాళ్ల దగ్గర కొనుక్కోవాలి. త్రినాథ్, నువ్వు మేడమ్ డ్రైవర్‌వి. ఆవిడ అంకమ్మరావుని ఆపుతారు. నువ్వెవరో బయటపడితే మార్టెన్స్ మాయం. ముఠాలో మనవాళ్లు ఒకరున్నారు. కోడ్, ‘తాలు కలిసింది’."

ఒంగోలులో రిసెప్షన్ కుర్రాడు రెబ్కా ఐడీ కార్డు తిరగేసి చూశాడు.

"రెబ్కా గారు ఇందాకే వచ్చేశారండీ. వెబ్‌సైట్లో ఫోటో చూసే బ్యాడ్జి ఇచ్చాం."

"నేనే రెబ్కాని బాబూ."

అప్పుడే అటుగా వచ్చిన అంకమ్మరావును ఆవిడ ఆపింది. "అయ్యా, ఆ విత్తనం ఆమెకి ఇవ్వకండి. రెబ్కాని నేను."

"మీ ఈమెయిల్ ఏంటమ్మా?" అడిగాడాయన.

"నాకు ఈమెయిల్ లేదండీ."

ఆయన జాలిగా నవ్వి లోపలికి వెళ్లిపోయాడు. పరిశోధనకే జీవితం ధారపోసిన మనిషి, ఆ పరిశోధన తనదేనని చెప్పుకోలేక గుమ్మంలో నిలబడిపోయింది. త్రినాథ్ జేబులో పెన్ కెమెరా ఉంది, నడుముకు పిస్తోలు ఉంది. ఏదీ అక్కరకు రాదు. నోరు విప్పితే ఆపరేషన్ పోతుంది, విప్పకపోతే విత్తనం పోతుంది.

అద్దాల తలుపు అవతల అంకమ్మరావు ప్యాకెట్ అందించాడు. భవ్య నమస్కారం పెట్టి అందుకుంది. హైహీల్స్ టకటకలాడిస్తూ మెట్లు దిగింది. కింద నల్ల కారు, లోపల మార్టెన్స్. త్రినాథ్ మెట్ల పక్కన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. అంత చేతకానితనం అతనికెప్పుడూ తెలియదు.

పక్కనుంచి పోతూ ఆమె తూలింది. అతను పట్టుకున్నాడు.

"సారీ డ్రైవర్ గారూ. తాలు కలిసింది," అంది నెమ్మదిగా.

అతని అరచేతిలో ప్యాకెట్ ఉంది. కారు కిటికీలోంచి ఆమె మార్టెన్స్‌కి ఇచ్చింది మరొకటి, మిర్చి యార్డులో ఏరిన మామూలు గింజలు. కారు హైవే ఎక్కబోతుండగా పోలీసు జీపు అడ్డం తిరిగింది.

కొన్నాళ్లకి త్రినాథ్ రెబ్కా ఆఫీసుకి వెళ్లాడు, తలవంచుకుని.

"పేజీ తీయించలేకపోయామండీ. సర్వర్ విదేశంలో ఉంది. ముఠావాళ్లు పాస్‌వర్డ్ మార్చేశారు. భవ్య ఫోటో తీసేసి ఇంకెవరిదో పెట్టారు."

"చూశానండీ," అంది రెబ్కా. "మొన్న అందులో నన్ను ప్రొఫెసర్‌ని కూడా చేశారు. ఇక్కడ నా ప్రమోషన్ ఫైలు బల్ల మీంచి కదలనే లేదు."