ముసుగు వెనక గొంతు

మ్యాట్నీ వదిలారు. విశాఖ రేవు దగ్గరి హాలు మెట్ల మీద జనం ఒకరి నెత్తిన ఒకరు కాగితం ముక్కలు పోసుకుంటున్నారు. తలంబ్రాలు పోసేటప్పుడైనా అంత శ్రద్ధ ఉండదు. ఒకప్పుడు వీరుడు తెర మీదికి రాగానే ఎగరేసిన ముక్కలే ఇవి. ఇప్పుడు వాటిని జేబుల్లో దాచుకుని బయటికి తెచ్చి, తమకు తెర మీద కనిపించిన మనిషి నెత్తిన పోస్తున్నారు. ఆ మనిషి ఇంటి దగ్గర ఉంటే ఇంటికే పట్టుకెళ్తారు.

ఇదంతా సినిమా హాళ్లలోకి ఆప్తదర్శిని అనే యంత్రం వచ్చాక పుట్టిన ఆచారం. సీటుకు అమర్చిన నుదుటిపట్టీ ప్రేక్షకుడి మెదడును చదువుతుంది. చివరి సన్నివేశంలో, కూలుతున్న వంతెనను భుజాన మోసిన ముసుగువీరుడు మాటా పలుకూ లేకుండా ముసుగు తీస్తాడు. ఆ ముఖం ఎవరికి వారికి వేరుగా కనిపిస్తుంది. తయారుచేసినవాళ్లు దీనికి మొదట పెట్టిన పేరు స్వముఖి. ప్రతివాడూ తానే వీరుడు కావాలనుకుంటాడనీ, అందుకే ఈ సినిమాలకు ఎగబడతాడనీ వాళ్ల నమ్మకం. తీరా చూస్తే తమ ముఖం కనిపించింది నూటికి నలుగురికే. మిగతావాళ్లలో ఒకరికి అమ్మమ్మ కనిపించింది, ఒకరికి పాత లెక్కల మాస్టారు, ఇంకొకరికి ఎదురింటి నర్సు. జనానికి కావలసింది తాము ఎగరడం కాదు, ఆపదలో తమకోసం ఒకరు రావడం. యంత్రం చెబితేగాని ఇంత చిన్న సంగతి తెలియని ఆ మేధావుల్ని చూస్తే నవ్వొస్తుంది. తప్పు తెలిశాక పేరు మార్చుకున్నందుకు మాత్రం మెచ్చుకోవాలి.

ఆ హాలులో యంత్రాల బాగోగులు చూసేది శేషారత్నం. మరపడవ నడిపే ఎల్లాజీ, గుప్పిట్లో కాగితం ముక్కలతో ఆమె గది ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మూడుసార్లు సూసినానమ్మా. ముసుగు తీస్తాడు, లోపలేటీ ఉండదు. ఉత్త సీకటి."

"పట్టీ వదులుగా కట్టుకున్నారేమో."

"బిగించే కట్టినాను. మాయావిడ మూతి ముడుసుకుని కూకుంది. 'నా మొగం అగుపడనేదని సెప్పలేక సీకటంటన్నావు' అంటాది." అతని గొంతులో నిజమైన బాధ ఉంది. "ఆ సీకట్లో ఎవులో ఉన్నారమ్మా. ఈ ముక్కలు ఎవుల నెత్తినెయ్యాలో తెలీకపోతే నాకు నిద్దరట్టదు."

శేషారత్నం అతని సీటు పట్టీ విప్పి చూసింది. లోపమేమీ లేదు.

"చీకటి తప్ప ఇంకేమీ ఉండదా?"

"గొంతొకటి ఇనిపిస్తాది. లెక్కెట్టు, ఆపకు అంటాది."

ఆమె పట్టీ పక్కన పెట్టింది. ఆ సన్నివేశంలో వీరుడికి మాటలే లేవు.

"ఆ మాట మీతో ఇంతకుముందు ఎవరైనా అన్నారా, ఎల్లాజీగారూ?"

ఎల్లాజీ జరిగింది చెప్పాడు. మూడేళ్ల కిందటి తుఫానులో అతని పడవ తిరగబడింది. చెక్క పట్టుకుని వేలాడుతూ, నడుముకు కట్టుకున్న ఫోనులో, ఆపదలో ఉన్నవాళ్లకు సాయపడే ఆపదవాణిని పిలిచాడు. చలికి కళ్లు మూతలు పడుతుంటే, అవతలి ఆడమనిషి అలలు లెక్కపెట్టమంది. ఫోను చచ్చిపోయేదాకా అతన్ని వదల్లేదు. రెండు గంటల తర్వాత వేరే పడవవాళ్లు చూసి అతన్ని ఎక్కించుకున్నారు. ఆపదవాణిలో పనిచేసేవాళ్లు ఫోనులో పేరు చెప్పకూడదన్నది నియమం. అతనికీ తిరిగి ఫోను చెయ్యాలని తోచలేదు. ఒడ్డున పడ్డవాడు ముందు పెళ్లాం దగ్గరికి పరుగెత్తుతాడు గాని, బతికానని ఏ ఆఫీసుకు చెప్పుకుంటాడు?

"యంత్రం తప్పేమీ చెయ్యలేదు," అంది శేషారత్నం. "ఆవిడ ముఖం మీరు ఎప్పుడూ చూడలేదు. చూడనిదాన్ని అది మాత్రం ఎక్కడినుంచి తెస్తుంది?"

ఇద్దరూ అటునుంచి అటే ఆపదవాణి కార్యాలయానికి వెళ్లారు. తుఫాను రోజున పనిలో ఉన్నవాళ్ల పేర్లు చెప్పడానికి అధికారి ససేమిరా అన్నాడు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. మూడో బల్ల దగ్గర, నెరిసిన జుట్టున్న ఒకామె చెవియంత్రం తగిలించుకుని ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది.

"నానున్నానమ్మా. లెక్కెట్టు. ఆపకు."

ఎల్లాజీ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. అవతల అంబులెన్సు చేరినట్టుంది, ఆవిడ చెవియంత్రం తీసి నీళ్ల గ్లాసు అందుకుంది. పైడమ్మ అని బల్ల మీద పేరు రాసి ఉంది. అతను దగ్గరికి వెళ్లాడు. దారంతా కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాను నాలుగొందల పన్నెండు దాకా లెక్కెట్టినోణ్నమ్మా."

పైడమ్మ గ్లాసు బల్ల మీద పెట్టబోయింది. అది సరిగా ఆనక నీళ్లు ఒలికాయి.

"నాలుగొందల పదమూడు నానే అన్నాను," అంది మెల్లగా. "నువ్వు పలకనేదు."

లేచి, అతని ముఖాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని చూసింది.

"బతికీసినావా నాన్నా?"

ఎల్లాజీ తలూపాడు. గుప్పిట విప్పితే, చెమటకు తడిసిన ముక్కలు సగం అరచేతికే అంటుకుపోయాయి. మిగతావి ఆమె జుట్టు మీద పడ్డాయి.

తుఫాను మర్నాటినుంచి పైడమ్మ సముద్రం ఒడ్డు రోడ్డు మానేసి చుట్టుదారిన ఇంటికి వెళ్తోందని, పక్క బల్లావిడ చెబితే శేషారత్నానికి తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం ఆమె, జుట్టులో కాగితం ముక్కలు అలాగే ఉంచుకుని, ఒడ్డు రోడ్డునే నడిచి వెళ్లింది.