తలుపు తీస్తే నూట పన్నెండు

"మళ్ళీ నూట పన్నెండే! ఇదేనా మీరు బాగుచేసింది?"

ఫిజియాలజీ ల్యాబ్ మేడమ్ కస్సుమంది. నాడి కొలిచే మెషీన్ క్లిప్పు మెకానిక్ వేలికే ఉంది. రిపేరయ్యాక తన వేలికే పెట్టుకుని చూపించడం అతని అలవాటు. షాపులో డెబ్బై రెండు దాటని అంకె ఈ గదిలోకి రాగానే రెచ్చిపోతుంది. నెలలో ఇది నాలుగోసారి.

"రేపు దీన్ని వెనక్కి పంపేసి కొత్తది తెప్పిస్తాం. ఇక మీకు శ్రమ అక్కర్లేదు."

అతని గుండె గుభేలుమంది. తెరమీద నూట ఇరవై.

"చూశారా, ఇంకా పెరిగింది!"

"గుండెని కాస్త నిదానంగా కొట్టుకోమని మనమే చెప్పలేమా మేడమ్?"

"మన మాట వింటే కదా! గుండె, పొట్ట, చెమట, కంటిపాప... అన్నిటిమీదా పెత్తనం స్వయంచాలిత నాడీ వ్యవస్థది. అందులో ఒక భాగం తొందరపెడుతుంది, ఇంకోటి నెమ్మదింపజేస్తుంది. తొందరపెట్టేది రెచ్చిపోతే నోరెండిపోతుంది, చేతులకి చెమట పడుతుంది, కంటిపాప పెద్దదవుతుంది..."

పాఠం చెబుతూ అతని కళ్ళలోకి చూసి ఆగిపోయింది.

ఇవాళ చెప్పకపోతే అతనికి ఇక ఈ గడప తొక్కే అవకాశం రాదు.

"రెండు నిమిషాలు వరండాలో ఉంటారా? తలుపు వేసేయండి. తర్వాత వచ్చి కాగితం చూడండి."

బయట చినుకులు పడుతున్నాయి. ఆమె వింతగా చూస్తూ వెళ్ళింది, వచ్చింది, మెషీన్ అచ్చువేసిన కాగితం చింపి చదివింది. డెబ్బై నాలుగు. డెబ్బై మూడు. తలుపు కిర్రుమన్న చోట నూట పన్నెండు.

"ఒక్కసారి చూసి తేల్చకూడదు," అని మళ్ళీ వెళ్ళొచ్చింది. ఆపైన ఇంకోసారి. ప్రతిసారీ అదే వరస. మూడోసారి వచ్చేటప్పుడు నవ్వు ఆపుకోలేకపోయింది.

"మెషీన్ బాగానే ఉందండీ," అన్నాడతను. "మీరంటే నాకు చాలా ఇష్టం. అది చెప్పలేక ప్రతిసారీ నట్లు బిగించి వెళ్ళిపోయాను."

ఆమె అతని వేలి నుంచి క్లిప్పు తీసి తన వేలికి పెట్టుకుంది. నూట ఇరవై ఆరు!

"అటూ ఇటూ తిరిగాను కదా, అందుకే."

"అయితే కూర్చోండి, దిగుతుందేమో చూద్దాం."

కూర్చుంది. అయిదు నిమిషాలైనా అంకె దిగలేదు. ఆమె ఎర్రబడ్డ ముఖంతో ఫిర్యాదుల పుస్తకం తెరిచి, నాలుగు ఫిర్యాదులూ కొట్టేసింది.

"పాపం, మెషీన్‌ని అన్యాయంగా తిట్టాను."

"మరి నన్ను?"

"మిమ్మల్ని తిట్టింది చాల్లేదు. ఒక్క మాట చెప్పడానికి నాలుగుసార్లు రావాలా?"