కదలకు, అట్లనే ఉండు

ఏ ఇంటిని గీసినా నేను మొదట గడప గీస్తాను. గోడలు, కప్పు, కిటికీలు ఆ తర్వాత. మిర్యాలగూడలో మా పెంకుటింటి గడప మధ్యలో అరిగి పడవలా ఉంటుంది. సూర్యాపేట వర్తకుల ఇళ్ల గడపలు ఎత్తుగా, పసుపుతో మెరుస్తుంటాయి. కూలివాళ్ల గుడిసెలకు గడపే ఉండదు. గడప లేని ఇంట్లోకి పోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. పోలీసుకైతే అసలే అక్కర్లేదు.

ఇవన్నీ నా బొమ్మల పుస్తకం అంచుల్లో రాసుకున్న మాటలు. ఆ పుస్తకం ఇప్పుడు నేను తెరవడం లేదు.

పంతొమ్మిది వందల నలభై ఎనిమిది, ఎండాకాలం. దొరలు కోటల్లాంటి తమ గడీలకు తాళాలు వేసి పట్నం పారిపోయిన రోజులు. వెట్టిచాకిరి మీద పది బొమ్మలు గీసిమ్మని దొరల మీద పోరాడుతున్న సంఘం నన్ను అడిగింది. వాటిని కోదాడ మీదుగా నిజాం సరిహద్దు దాటించి అచ్చు వేయించాలి. కళ ప్రజల చేతిలో ఆయుధం కావాలని నేను నమ్మేవాణ్ని. ఆ మాట ఎన్ని సభల్లో చెప్పానో లెక్క లేదు. తొమ్మిది బొమ్మలు అయ్యాయి. పదోది గడీ లోపల గీయాలి.

నాకు తోడు వచ్చినవాడు గౌరయ్య. కోదాడ పక్క పల్లెలో కూలి చేసుకునేవాడు. ఇద్దరం హుజూర్‌నగర్‌లో కలుసుకుని, గరిడేపల్లి దాకా ఎడ్లబండి మీద పోయి, అక్కణ్నుంచి పొలం గట్ల వెంట నడిచాం. ఒక బావి దగ్గర కూర్చుని మూట విప్పాం. జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం, చిన్న ముంతలో పచ్చిపులుసు.

"తినవా అన్నా? రొట్టెను బొమ్మలెక్క సూస్తున్నవ్," అన్నాడు గౌరయ్య.

"ఈ మాడిన మచ్చలు చూడు. బొగ్గుతో ఇంత బాగా గీయడం నాకు రాదు."

"గీ మాట మా యాదమ్మతోని జెప్త. మాడిందని నేనంటె కట్టె అందుకుంటది. నువ్వన్నవంటె మురుస్తది."

నేను 'దున్నేవాడికే భూమి' అని ఉపన్యాసం మొదలుపెట్టాను. అతను రొట్టె నములుతూ అంతా విన్నాడు. తర్వాత నా అరచెయ్యి తిప్పి చూశాడు.

"గీ చెయ్యి నాగలి పట్టలే. భూమి పంచేనాడు నీకేమొస్తది మరి?"

"నాకు గీత చాలు."

"అగో! గీత తినుకుంట బతుకు." పగలబడి నవ్వాడు. "జర తొందరగ గియ్యన్నా. రేపు మా బిడ్డకు ఇరవై ఒక్కటో రోజు. పేరు పెట్టాలె. పొద్దుగూకెవరకు నేను ఇంట్ల లేకుంటె యాదమ్మ నన్ను బతకనియ్యది."

"పొద్దు గూకకముందే నిన్ను ఇంటికి పంపిస్తాను," అన్నాను.

గడీ దూరం నుంచి అందంగా ఉంది. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు కోపం వచ్చింది. పెద్ద దర్వాజకు ఏనుగు పట్టేంత తలుపులు. అవి దొర బండికే తెరుచుకునేవి. మిగతావాళ్లకు ఆ తలుపులోనే కోసిన చిన్న తలుపు, ఛాతీ ఎత్తు మాత్రమే. ఎంత మొనగాడైనా అందులోంచి దూరాలంటే తల వంచాల్సిందే. ఆ వడ్రంగి గొప్పవాడు. ఏ జవానూ కర్ర పట్టుకుని నిలబడక్కర్లేకుండా ప్రతి మనిషి చేతా రోజూ దండం పెట్టించాడు. ఇది ఇల్లు కాదు, కొయ్యతో రాసిన హుకుం అని పుస్తకంలో రాసుకున్నాను.

తాళం తీసినవాడు లింగయ్య అనే ముసలాయన. నలభై ఏళ్లు ఆ గడీలో వెట్టి చేసినవాడు.

"బాంచన్ దొరా..." అంటూ వంగాడు.

"దొరలు పోయారు తాతా. నువ్వు బానిసవు కావు, ఇంకెవరికీ బాంచన్ అనకు," అన్నాను గట్టిగా.

"గట్లనే బాంచన్," అన్నాడు. గౌరయ్యకు నవ్వు ఆగలేదు.

మేం లోపలికి దూరుతుంటే లింగయ్య చిన్న తలుపు అవతలే ఆగిపోయాడు. "పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఇగ నేను రాను. జల్ది సూస్కొని రాండ్రి. ఆ బండ మాత్రం ముట్టకుండ్రి," అన్నాడు.

బండ వాకిలి నడుమ ఉంది. మద్దెలంత నల్లరాయి. ఒక పక్క నున్నగా అరిగి ఉంది. నీళ్లకు అరిగిన అరుగుదల కాదు. పన్ను కట్టనివాణ్ని, వెట్టికి రానివాణ్ని ఎండలో వంగబెట్టి ఆ బండను వీపు మీద ఎత్తేవారని సంఘంలో అందరికీ తెలుసు.

"మా నాయన దీన్ని మోసిండు," అన్నాడు గౌరయ్య మెల్లగా. "మూడు పొద్దులు. నా వీపు మీద పెట్టన్నా. బొమ్మ నిజమైతది."

నేను వద్దనాలి. అనలేదు. ప్రజల బాధను ఊహించి గీయకూడదు, చూసి గీయాలి అని ఎక్కడో చదివాను. భయం పాలకవర్గం చేతి కర్ర అని కూడా చదివాను. ఇద్దరం కలిసి బండను పైకెత్తాం. అంత బరువేమీ లేదు. గౌరయ్య వంగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. నేను బండను అతని వీపు మీద పెట్టి, ఎదురుగా నేల మీద బాసీపట్టు వేసుకుని పెన్సిలు తీశాను.

"కదలకు. అట్లనే ఉండు," అన్నాను.

బొమ్మ గీసేవాడు ఎవరితోనైనా అనే మాట అది. సంతలో గంపలమ్మేవాళ్లతో అన్నాను. మా అమ్మతో అన్నాను. వెయ్యిసార్లు అని ఉంటాను.

వాకిట్లో నీడ లేదు. ఎండ నిటారుగా దిగుతోంది. మొదట పావురాల గుడగుడ వినిపించింది, వాకిలికి ఎదురుగా ఉన్న మేడ మీంచి. చెయ్యి బాగా సాగుతోంది. వీపు, మెడ నరాలు, నుదుటి నుంచి నేల మీద పడే చెమట... ఇంత సులువుగా నేనెప్పుడూ గీయలేదు.

"అన్నా, అయిందా?"

"కొంచెం. అట్లనే ఉండు."

గుడగుడ ఆగి, మళ్లీ వినిపించింది. ఆగి, మళ్లీ... ఊపిరి తీసుకుని వదిలినట్టు. అప్పుడు పొగాకు వాసన వచ్చింది. బెల్లం కలిపిన హుక్కా పొగాకు. పావురాలకు అలాంటి వాసన ఉండదు.

"అన్నా... బరువైతుంది."

"ఉండు."

ఆ మాట నేనే అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. నా గొంతు అంత నింపాదిగా ఎప్పుడూ ఉండదు.

కాగితం వైపు చూశాను. చూసి... పెన్సిలు వదిలేశాను.

నేను నేల మీద కూర్చున్నాను. నా కళ్లు గౌరయ్య మోకాళ్లకు కొంచెం పైన ఉన్నాయి. నేనున్న చోటు నుంచి అతని ముఖం, గడ్డం కింది భాగం కనిపించాలి. కాగితం మీద ముఖం లేదు. నడినెత్తి ఉంది. వీపు మొత్తం ఉంది. బండ పైభాగం ఉంది. వాకిలి నాలుగు మూలలూ ఉన్నాయి. ఆ వాకిలంతా వంగిన వీపులే. వరసలు వరసలుగా... బండ ఉన్నవి, లేనివి. గౌరయ్య ఎదురుగా, నేల మీద ఒకడు, ఒళ్లో పుస్తకం పెట్టుకుని.

మేడ మీంచి చూస్తూ గీసిన బొమ్మ అది.

"గౌరయ్యా, లే!" అంటూ ఉరికి బండను పట్టుకున్నాను. కదల్లేదు. ఇందాక ఇద్దరం ఎత్తిన బండే. రెండు చేతులతో, భుజంతో నెట్టాను. పైనుంచి ఎవరో అరచెయ్యి ఆనించి ఒత్తుతున్నట్టు అది ఇంకా కిందికే దిగుతోంది. గౌరయ్య మోకాళ్లు వణుకుతున్నాయి. నోటి నుంచి చొంగ తీగలా సాగుతోంది.

"లేస్త... లెవ్వనిస్తలేరన్నా..."

"ఎవరు?"

ఏడ్చాడు. పాతికేళ్ల మనిషి, పసిపిల్లవాడిలా.

దర్వాజ దగ్గరికి పరుగెత్తాను. లింగయ్య చిన్న తలుపులోంచి తల మాత్రం పెట్టి చూస్తున్నాడు. లోపలికి రమ్మన్నాను. కాళ్లు పట్టుకుంటానన్నాను.

"నేనొస్తె ఇంకో వీపైత బాంచన్," అని గుసగుసగా అన్నాడు. "ఏమన్నవు ఆయనతోని?"

"కదలకు, అట్లనే ఉండు అన్నాను. బొమ్మకోసం..."

ముసలాయన కళ్లు మూసుకున్నాడు. "దొర గదే అనేటోడు. గా మాటే. ఉండు అన్నంక, పో అనాలె. అనకుంటె ఎవ్వడు కదలడు. పానం బోయినా కదలడు."

"ఇప్పుడే అంటాను."

"కింద నిలవడి అంటె చెల్లది." వేలు మేడ వైపు చూపించాడు. "ఆడికెల్లి అనాలె."

మెట్లు ఎక్కాను. పైన కుర్చీ తప్ప ఏమీ లేదు. నిలబడి వాకిట్లోకి చూడబోతే చెక్కడపు కొయ్య కళ్లకు అడ్డం వచ్చింది. వంగితే కటకటాలు అడ్డం వచ్చాయి. అప్పుడు ఆ కట్టడం మర్మం తెలిసింది. అక్కణ్నుంచి వాకిలి మొత్తం కనబడేది ఒకే ఒక్క చోటు నుంచి. ఆ కుర్చీలో కూర్చుంటేనే.

కూర్చున్నాను. కుర్చీ వెచ్చగా ఉంది.

కింద గౌరయ్య వీపు, నేను గీసినట్టే. "గౌరయ్యా, లే తమ్మీ, ఇంటికి పోదాం," అన్నాను. చలనం లేదు. "నీకు ఎవరూ దొరలు కారు, లే!" అని అరిచాను. సభల్లో అరిచినట్టే అరిచాను. చప్పట్లు కొట్టడానికి అక్కడ ఎవరూ లేరు. అతని మోకాలు నేలకు తగిలింది. రెండో మోకాలు... ఇంకొంచెం సేపైతే బండ మెడ మీదికి జారుతుంది.

"పో," అన్నాను.

బండ దొర్లింది.

ఆ వెంటనే చప్పుడు. ఉత్త కాళ్ల చప్పుడు. ఒక జత కాదు, పది జతలు కాదు... వాకిలి నిండా. దుమ్ము లేచింది. చిన్న తలుపు దగ్గర లింగయ్య గోడకు అంటుకుపోయి, ఒకరి తర్వాత ఒకరికి దారి ఇస్తున్నట్టు పక్కకు ఒదిగాడు. ఆ దుమ్ములో గౌరయ్య లేచి నిలబడ్డాడు. తిన్నగా. నా వైపు చూడలేదు. తల వంచి తలుపులోంచి దూరి, వాళ్లతో కలిసి వెళ్లిపోయాడు.

అతను తిరిగింది కోదాడ వైపు కాదు.

ఆగు అనబోయాను. నాలుక కరుచుకున్నాను. ఆ కుర్చీలో కూర్చుని నేను ఆగు అంటే అతను ఎక్కడ ఆగిపోతాడు? ఎన్నాళ్లు? కిందికి దిగేసరికి గట్ల మీద ఎవరూ లేరు. సాయంత్రం దాకా ఎండలో పరుగెత్తాను, పేరు పెట్టి పిలుస్తూ. పేరు తప్ప ఇంకో మాట అనడానికి ధైర్యం చాల్లేదు.

నెల దాటింది. సూర్యాపేటలో గది కిరాయికి తీసుకుని వెతుకుతున్నాను. మిర్యాలగూడ సంతలో కనిపించాడని ఒకరు అన్నారు. మాడుగులపల్లి దారిలో నడుస్తూ పోతున్నాడని ఇంకొకరు. ఎక్కడా కూర్చోడట. ఎవరేమడిగినా వినపడదట. సంఘంలో చెప్పాను. మూఢనమ్మకాలు మానుకొమ్మని కోప్పడ్డారు. నేనైనా అదే చెప్పేవాణ్ని.

ఈ పొద్దున యాదమ్మ వచ్చింది, పసిబిడ్డను ఎత్తుకుని. నిన్న పొద్దు గూకగానే బయల్దేరి రాత్రంతా నడిచిందట. పాదాలు పగిలి ఉన్నాయి. నేను ఇచ్చిన నీళ్లు తాగి, బిడ్డను ఒళ్లోకి సర్దుకుని చెప్పింది.

"నిన్న మా గల్మల, తలుపు ముంగట కనవడ్డడన్నా. ఇంట్లకు రా అన్న. రాలే. పొమ్మన్నరు గాని రమ్మనలేదంటడు."

"ఎవరు రమ్మనాలట?"

"దొర రమ్మనాలె అన్నడు. ఏ దొర, దొరలందరు పట్నం పాయిరి గద అని నేనడిగిన." ఆమె నా ముఖం చూడలేదు. "నీ పేరు చెప్పిండన్నా."

నేను నోరు తెరవలేదు. అప్పట్నుంచీ తెరవలేదు; 'పో' అన్నానంటే ఈమె కూడా గౌరయ్యలాగే పోతుంది. ఇది కూడా అందుకే రాస్తున్నాను.

ఆమె వచ్చినప్పుడు, అంత దూరం నడిచి అలసిపోయింది కదా అని, ఒక్క మాట అన్నాను. ఎవరైనా అనే మాటే. 'కూర్చో చెల్లె' అన్నాను.

ఇప్పుడు దీపం పెట్టే వేళ అయింది. కోదాడ పోయే చివరి బస్సు వెళ్లిపోయింది. ఆమె బిడ్డను పక్కన పడుకోబెట్టి, రెండు అరచేతులూ నేలకు ఆనించి, పళ్లు బిగించి, పైకి లేవాలని చూస్తోంది. పొద్దుట్నుంచీ చూస్తోంది.