ముచ్చిక లేని కాయ

"రాజూ, పది నిమిషాలే టైముంది." ఇయర్‌పీస్‌లో చీఫ్ భారతి గొంతు. "విదేశీ ముఠా మన ల్యాబ్‌లో కొట్టేసిన మందు వయల్ నూజివీడు పక్కన ఆగిరిపల్లి మామిడి షెడ్డులోనే ఉంది. ఎయిర్‌పోర్టు లారీ కదిలిందంటే ఇక ఆశ వదులుకోవాల్సిందే."

ఏజెంట్ సువర్ణరాజుకు ఆ మందు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. చారు మీద నూనె చుక్కల్లా మన కణాల్లో ప్రొటీన్ బొట్లు ఏర్పడతాయి, పనయ్యాక కరిగిపోతాయి. కరగకుండా గట్టిపడ్డాయా, నరాలు చచ్చుబడతాయి. తమ్ముడు ప్రేమ్ కుమార్ చేతులు అలాగే పడిపోయాయి. ఆ బొట్లను మళ్ళీ కరిగించే మందు ఉన్నదల్లా ఆ ఒక్క వయలే!

దళారీ వేషంలో, భుజాన తువాలుతో షెడ్డులోకి నడిచాడు. కాయలు ఏరే పనిలో షాలోమి కనిపించింది. ముఠాలోకి అతను పంపిన సొంత పార్ట్‌నర్.

"పీచు లేని రసాలున్నాయా అండీ?"

"నూజివీడొచ్చి అడిగే మాటేనా అండీ అది?"

కోడ్ కలిసింది. ఐస్ డబ్బాలోంచి తెల్లటి వయల్ తీసి అతని చేతిలో పెట్టింది. "ప్రేమ్‌కి రోజూ అన్నం తినిపించేది నేనేగా. ఈ మందూ నేనే వేస్తా."

అతను గుప్పిట బిగించాడు. అసలు మందు చల్లగా ఉంటే పాలలా ఉంటుంది, ఒంటి వేడి తగిలితే బొట్లు కరిగి నీళ్ళలా తేటపడుతుంది. రెండు నిమిషాలైనా ఇది తెల్లగానే ఉంది. ఇది నకిలీది. నువ్వా షాలోమీ!

బయట లారీ స్టార్టయింది. లోడు దగ్గర కూలీల మేస్త్రి సవరమ్మ కేకలేస్తోంది. "ఎవరి నిర్వాకమే ఇది? ముచ్చిక పీకేసిన కాయ గడ్డిలో పెట్టారు! సొన కారి పెట్టెడు కాయలూ పాడైపోవూ?"

షాలోమి వేళ్ళ మీద సొన కాల్చిన ఎర్రటి మచ్చలు. సువర్ణరాజు ఒక్క ఉరుకున లారీ ఎక్కి ఆ కాయను చీల్చాడు. ముచ్చిక పీకిన చిల్లులోంచి టెంక పక్కకు దూర్చిన సన్నటి వయల్, లోపల తేటనీళ్ళు. పరుగున వచ్చి ఐస్‌లో ముంచాడు. పాలలా తెల్లబడింది.

"అది ఇటిచ్చెయ్ రాజూ." షాలోమి చేతిలో పిస్టల్.

"వాడికి ముద్ద పెట్టిన చెయ్యేగా అది?"

ఆమె చూపు ఒక్క క్షణం ఆ చేతి మీదికి వాలింది. ఆ క్షణంలోనే అతని తువాలు ఛెళ్ళుమంది. పిస్టల్ గడ్డిలో పడింది. అతనికి మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

షాలోమిని జీపెక్కిస్తుంటే సవరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "కాయ కొయ్యడం కూడా రాని పిల్లని పన్లో ఎవరు పెట్టారండీ?"

"నేనేనమ్మా," అన్నాడు సువర్ణరాజు.