జేబులు కుట్టిన సాయంత్రం

మధ్యాహ్నం మొదలైన వాన ఇంకా తెరిపివ్వలేదు. రేకుల కప్పు మీద ఆ హోరుకి వంటింట్లో మాట్లాడితే ముందుగదిలోకి వినపడటం లేదు. ఐసిల్డా కిటికీ పక్కకి కుర్చీ లాక్కుని, ఎగ్బర్ట్ గోధుమరంగు కోటు ఒళ్ళో పరుచుకుంది.

నిన్న తెల్లవారుతూనే ఎగ్బర్ట్ ఆసుపత్రిలో పోయాడు. ఇప్పుడు కింద పట్నంలో, అంత్యక్రియలు జరిపించే టులక్ చల్లగదిలో ఉన్నాడు. బట్టలు తీసుకెళ్ళడానికి, శవపెట్టె సంగతి మాట్లాడటానికి చీకటి పడకముందే కొండెక్కి వస్తానని అతను కబురు చేశాడు. తెల్లచొక్కా ఇస్త్రీ అయింది. కట్టుడు పళ్ళు రుమాల్లో చుట్టి బల్లమీద పెట్టారు. ఆచారం ప్రకారం అద్దాన్ని గోడవైపు తిప్పారు. ఇక జేబులే మిగిలాయి.

"అన్నీ కుట్టెయ్యి అక్కా, లోపలి జేబుతో సహా," అంటూ చెల్లెలు మెర్డెల్ అల్లం టీ తెచ్చి పెట్టింది. "జేబు తెరిచి పంపితే పోయినవాళ్ళు వట్టి చేతులతో పోరు. ఇంట్లోంచి ఏదో ఒకటి నింపుకుపోతారు."

"మీ బావ ఏం పట్టుకుపోతాడే? ఆ తుప్పుపట్టిన కుట్టుమిషనా?"

"నిన్నే పట్టుకుపోతాడు. నువ్వు లేకుండా పక్కూరి చర్చికి కూడా వెళ్ళేవాడు కాదుగా మహానుభావుడు!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక వాన ఇంకా పెద్దదైనట్టు అనిపించింది.

ఎగ్బర్ట్ దర్జీ. ఈ కోటు తనే కుట్టుకున్నాడు. ఐసిల్డాకి మతిమరుపు మొదలైన దగ్గర్నుంచి, ఆమె ఎక్కడ పడితే అక్కడ వదిలేసినవన్నీ ఈ కోటు జేబులోకే చేరేవి. తాళంచెవి, మందుబిళ్ళలు, ఒకసారి పులుసులో వెయ్యాల్సిన మిరపకాయ. "నువ్వు మరిచిపోయిందల్లా నా దగ్గరుంటుంది ఐసీ," అనేవాడు. ఆసుపత్రిలో ఆఖరిరోజున కూడా ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్విక మోయలేవు. అన్నీ నేనే పట్టుకెళ్తాలే," అన్నాడు.

ప్రేమగానే అన్నాడు. కానీ ఆ మాటకి ఆమె ఒళ్ళు జలదరించింది. ఆమెకి మిగిలినవే కొన్ని. పెళ్ళినాడు పట్టిన ముసురు, కూతురు జోనెల్ బోసినవ్వు, తనవాళ్ళ ముఖాలు. అవైనా తను పోయేదాకా తన దగ్గరే ఉండాలి. అందుకే సూదిలోకి దారం ఎక్కించింది.

మిషను మూలపడ్డాక ఇంట్లో మిగిలింది నల్లదారం ఒక్కటే. దానితోనే బయటి జేబులు కుట్టింది. లోపలి జేబూ కుట్టింది. పంటితో దారం తెంపి, కోటు కుర్చీ మీద వేసి, కిటికీ తలుపు బిగించి వచ్చింది.

లోపలి జేబు తెరుచుకుని ఉంది.

తెగిన పోగులు లేవు. సూది గుచ్చిన ఆనవాళ్ళూ లేవు. కుట్టాననుకుని కుట్టలేదేమో... ఈమధ్య తనకిది మామూలే. లోపల వేలు పెట్టి చూసింది. చల్లగా ఏదో తగిలింది. వారం నుంచి వెతుకుతున్న కళ్ళద్దాలు.

"పిచ్చి మనిషి," అనుకుంటూ కోటుని ముఖానికి ఆనించుకుంది. గడ్డం గీసుకున్నాక అతను రాసుకునే బే రమ్ వాసన. దాని అడుగున మరో వాసన... తడిసిన మట్టిది.

ఈసారి దారం రెండు పేటలు వేసి కుట్టింది. టీ కప్పు అందుకోవడానికి అటు తిరిగింది. ఇటు తిరిగేసరికి మళ్ళీ తెరుచుకుని ఉంది. లోపల పసుప్పచ్చ రిబ్బను. ఇప్పుడే ఎవరి జడలోంచో విప్పినట్టు కొబ్బరినూనె జిడ్డు.

"మెర్డీ," అంది గొంతు తగ్గించి. "ఈ రిబ్బను ఎవరిదే?"

"అయ్యో, జోనెల్‌ది కాదూ? బడికి పంపేటప్పుడు కట్టేదానివి. ఎక్కడ దొరికింది ఇన్నాళ్ళకి?"

"ఏ జోనెల్?"

మెర్డెల్ నవ్వింది. "చాల్లే వేళాకోళం! రేపు కింగ్‌స్టన్ నుంచి దిగుతుందిగా, దాని ముందు అను, చంపేస్తుంది."

ఐసిల్డా నవ్వలేదు.

"అక్కా?"

"నాకు కూతురుందా?"

వాన ఒక్కసారిగా ఆగిపోయింది. చూరు నుంచి చుక్కలు. ఆ నిశ్శబ్దంలో ఒక చప్పుడు. చాలా సన్నగా. గట్టి బట్టలోంచి దారం లాగుతున్నట్టు.

చర్ర్... చర్ర్...

ఇద్దరూ ఐసిల్డా ఒడి వైపు చూశారు. సూది బల్లమీద ఉంది. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. రిబ్బను కూడా లేదు.

"ఆ కోటు కింద పడెయ్ అక్కా," అంది మెర్డెల్, పెదవులు కదలకుండా. తర్వాత కోటుతోనే గుసగుసగా, "బావా... అక్కకి మిగిలిందే కాస్త. నీకు దణ్ణం పెడతాను... వదిలెయ్."

చర్ర్...

చప్పుడు ఆగింది.

ఐసిల్డా తల ఎత్తింది. ఎదురుగా ఎవరో ముసలావిడ ఏడుస్తూ నిలబడి ఉంది. పాపం, ఏం కష్టమొచ్చిందో.

"కూర్చోండమ్మా," అంది మర్యాదగా. "మీరు ఎవరి తాలూకు?"

ఆవిడ నోరు రెండు చేతులతో మూసుకుంది.

బయట బురదలో కారు ఆగింది. నల్లకోటు వేసుకున్న పెద్దమనిషి గడపలో బూట్లు తుడుచుకుని లోపలికి వచ్చాడు. "మిస్ ఐసీ, నేను టులక్‌ని. మీకిలాంటి కష్టం రాకూడదు తల్లీ," అన్నాడు. ఐసిల్డా ఒళ్ళో ఉన్న కోటు అతనికి అందించింది. ఎవరిదో కోటు. మంచి బట్ట.

అతను అలవాటు ప్రకారం జేబులన్నీ వేళ్ళతో తడిమి చూశాడు. బయటివి చూసి తలాడించాడు. లోపలి జేబు దగ్గర బొటనవేలు ఆగింది.

"ఇదెవరు కుట్టారమ్మా?" అన్నాడు నెమ్మదిగా. "బయటివి నల్లదారం, పొడుగు కుట్లు. ఇది గోధుమరంగు దారం. ముడి లోపలివైపు ఉంది... జేబు లోపల. ఇంత సన్నగా, ముడి దాచి కుట్టేది ఈ కొండమీద ఎగ్బర్ట్ గారొక్కరే."

ఏడుస్తున్న ఆవిడ గోడకి జారగిలబడింది.

ఐసిల్డా ఇద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూసింది. ఏదో అడగాలి. మర్యాదగా అడగాలి.

"ఎగ్బర్ట్ అంటే ఎవరండీ?"

 టులక్ చేతిమీది కోటు ఉన్నట్టుండి బరువెక్కి కిందికి లాగింది. అతను దాన్ని జారిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.