సగంలో వెళ్లిపోయిన దెయ్యం

రిజర్వాయరు గట్టు మీద పాత పంపుహౌస్ ఒకటుంది. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. చేపలు పట్టేవాళ్లు కూడా వల చేతికందినంత వరకు చుట్టుకుని వచ్చేస్తారు. ఇనుప తలుపు దగ్గర ఒక తెల్లటి ఆడమనిషి నిలబడుతుందట... మీరు చూశారా అంటే మాత్రం ఎవరూ చూడలేదు. అందరూ చూసింది ఫోటోనే.

ఆ ఫోటో మా మావయ్య స్టూడియోలో, కౌంటరు వెనక గోడకుంది. ఇరవై ఏడేళ్ల కిందట ఫిల్ము మీద తీశాడు. వెన్నెల్లో నీళ్లు, అవతల కొండలు, ఇవతల పంపుహౌస్. తలుపు ముందు ఆమె... శాలువా కప్పుకుని, మన వైపే చూస్తూ. ఆమె ఒంట్లోంచి వెనకున్న తలుపు చువ్వలు కనిపిస్తాయి.

“అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను,” అంటాడు మావయ్య, ఎవరడిగినా. “కెమెరా తెరిచిపెట్టి నాలుగు నిమిషాలు... రెండు వందల నలభై దాకా నోటితో లెక్కపెట్టాను.”

లెక్కపెట్టేటప్పుడు మావయ్య కళ్లు మూసుకుంటాడు. ఏదైనా కనబడితే అంకె తప్పుతాడు. అది ఆయన పద్ధతి.

ఆ ఫోటో తరవాత ఆయన రాత్రిపూట కెమెరా ముట్టలేదు. ఆరయ్యేసరికి స్టూడియోకి తాళం పడాల్సిందే.

మొన్న పంపుహౌస్ కూల్చేస్తామని నోటీసు అంటించారు. వారమే గడువు. మావయ్య ఫ్రిజ్‌లో ఒకే ఒక్క రోలు మిగిలింది. ఆ రకం ఫిల్ము ఇప్పుడు ఎక్కడా తయారు చెయ్యడం లేదు. రోజూ దాన్ని బయటికి తీస్తాడు, చూస్తాడు, మళ్లీ గిన్నెల వెనక పెట్టేస్తాడు.

“అదే చోట, అదే వెన్నెల్లో, ఇంకొక్కసారి తియ్యాలని ఉందిరా,” అన్నాడు నాతో.

“అయితే పోదాం పద, మావయ్యా.”

ఆయన వంటింటి వైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు. “ఆవిడంటే భయంరా.”

నాకు లెక్క దొరికితే నిద్రపట్టదు. నెగటివ్‌ని స్కాన్ చేసి, పెద్దది చేసి, శాలువా తెలుపు ఎంతో, పక్కన సున్నం గోడ తెలుపు ఎంతో కొలిచాను. సరిగ్గా సగం. కెమెరా తెరిచున్నప్పుడు ఎంతసేపు నిలబడితే ఫిల్ము మీద అంత తెలుపు పడుతుంది. అంటే నాలుగు నిమిషాల్లో ఆమె అక్కడున్నది రెండే నిమిషాలు.

వంటింట్లోకి పరిగెత్తాను. “అత్తయ్యా, దెయ్యమైతే మొత్తం సేపు నిలబడాలి, లేదా అసలు ఉండకూడదు. సగం నిలబడి విసుగుపుట్టి వెళ్లిపోయేది మనుషులే.”

కూరగాయలు తరుగుతున్న అత్తయ్య చేతిలో కత్తి ఆగింది.

“విసుగు కాదురా,” అంది మెల్లగా. “చలి.”

నేను నోరు తెరిచేలోపే తనే అందుకుంది. “పెళ్లయి అప్పటికి రెణ్ణెల్లు. రోజూ రాత్రి ఆ పెట్టె భుజానేసుకుని ఎటో పోయేవారు. ఏ మహాతల్లి దగ్గరికో అని వెనకాలే వెళ్లాను. ఆ తలుపు దగ్గర నిలబడి చూస్తే... కళ్లు మూసుకుని నీళ్లకి ఎక్కాలు అప్పజెబుతున్నారు.”

“మరి చెప్పలేదేం?”

“ఏమని? మిమ్మల్ని అనుమానించానని చెప్పనా? నోరు రాలేదు. పైగా దెయ్యం పుణ్యమా అని ఆరింటికల్లా ఇంట్లో ఉంటున్నారు. ఏ పెళ్లాం చెడగొట్టుకుంటుంది?” నవ్వబోయి, ఫ్రిజ్ వైపు చూసి ఆగిపోయింది. “నేను చెప్పకపోతే ఆ రోలు అలాగే పోతుంది కదూ... సరే. ఆ తలుపు దగ్గరే నిలబడతాను. లెక్క అయ్యాక కళ్లు తెరిచి చూసుకోనీ. ఆయన ఏం తిట్టినా అక్కడే పడతాను. నువ్వు మాత్రం నోరు జారకు.”

శనివారం నిండు వెన్నెల. “నేనూ వస్తున్నానండీ, దెయ్యాన్ని చూస్తాను,” అంది అత్తయ్య. మావయ్య కాదనలేదు. ముగ్గురం వెళ్లాం. స్టాండు బిగించాడు. కెమెరా తెరిచాడు. కళ్లు మూసుకున్నాడు.

“ఒకటి... రెండు...”

నా పక్కన చూశాను — అత్తయ్య లేదు.

“పదకొండు... పన్నెండు...”

తలుపు దగ్గర తెల్లగా... అదే శాలువా. సంగతి తెలిసిన నేనే ఒక అడుగు వెనక్కి వేశాను.

“తొంభై... తొంభై ఒకటి...”

అత్తయ్య వణుకుతోంది. ఇప్పుడు చలి లేదు.

“నూట పద్దెనిమిది... నూట పందొమ్మిది...”

అత్తయ్య కాలు పక్కకి పడింది. అయిపోయింది, వెళ్లిపోతుంది అనుకున్నాను.

“కదలకు,” అన్నాడు మావయ్య, కళ్లు తెరవకుండానే. “పోయినసారి కూడా ఈ అంకె దగ్గరే వెళ్లిపోయావు. నీ చెప్పుల చప్పుడు విన్నాను... నూట ఇరవై అయిదు... అడిగితే చిన్నబోతావని అడగలేదు. ఆరింటికి ఇంటికొస్తే సరిపోతుందనుకున్నాను... నూట ముప్పై మూడు...”

అత్తయ్య కదల్లేదు.

కొత్త ఫోటో ఇప్పుడు పాతదాని పక్కనే ఉంది. ఇందులో చువ్వలు కనబడవు. పన్నెండు అంకెలు నడకకి పోయాయి కాబట్టి, నా లెక్కన నూటికి తొంభై అయిదు వంతులు అత్తయ్యే.

మిగిలిన అయిదు ఏమిటని అడిగితే, “అదిరా దెయ్యం,” అంటాడు మావయ్య గొంతు తగ్గించి — వంటింట్లోకి వినబడేంత మాత్రమే.