తొమ్మిదో గాలిమర రెక్కలో

చీకటి పడితే తొమ్మిదో నంబరు గాలిమర కింద ఎవ్వరూ నిలబడరు. మా ఆరల్వాయ్‌మొళి కనుమలో వందల మరలున్నాయి, చెడ్డపేరు మాత్రం దానిదే. నిదానంగా తిరిగేటప్పుడు ఒక రెక్క లోపల్నించి వినబడుతుంది... టక్... టక్... ఆ రెక్క బిగిస్తూ జారిపడి చచ్చిపోయిన పేచ్చిముత్తు బయటికి రానివ్వమని కొడుతున్నాడంటారు.

మా ఆడవాళ్ళకి అదే దారి. మల్లెమొగ్గలు కోసి తెల్లారేసరికి తోవాళ పూలసంతకి చేర్చాలి కదా, రాత్రి రెండింటికే బయల్దేరతారు. ఓ రాత్రి మా ఆవిడ చెల్లకని ఖాళీ బుట్టతో వణుకుతూ తిరిగొచ్చింది.

"నేనింక వెళ్ళను... పిలుస్తున్నాడయ్యా," అంది గుసగుసగా.

"నీ మొహం! పోయినోడికి నీతో ఏం పని?" అన్నాను. ఆ మరల్ని బాగుచేసేవాణ్ణి నేను. నాకా దెయ్యం కబుర్లు!

మర్నాడు మర ఆపి, తాడు మీద రెక్క కొసదాకా దిగి మూత తీశాను. ఇంకేముంది— స్ప్రింగుకి వేలాడుతున్న ఇనపదిమ్మె! మర తిరిగేటప్పుడు అదే ఊగి రెక్క లోపలి గోడకి కొట్టుకుంటోంది. మా ఆవిడ పాత చీర చింపి దాని చుట్టూ కుక్కేశాను. ఇనపదిమ్మె అంటే ఆడవాళ్ళు నమ్మరని, "ఇసక్కియమ్మ గుడి కుంకుమ పెట్టి వాణ్ణి వెళ్ళగొట్టాను" అని గొప్పగా చెప్పుకున్నాను. చప్పుడు ఆగిపోయింది. అందరూ మళ్ళీ పూలకి వెళ్ళసాగారు.

ఆడి నెల వచ్చి, కనుమలో హోరుగాలి మొదలైంది. ఆ రాత్రి డ్యూటీలో మా పెద్ద మెకానిక్ జెబరాజ్ సారుకి నవ్వుతూ ఈ సంగతి చెప్పాను. ఆయన దిగ్గున లేచాడు.

"ఓరి పాపిష్టోడా! రెక్కకొచ్చే వణుకంతా ఆ దిమ్మె తన మీదేసుకుంటుందిరా. అది ఊగితేనే రెక్క నిలబడేది!"

మర ఆపడానికి మీట నొక్కాడు. బ్రేకు పట్టలేదు.

గడియారం చూశాను— రెండు దాటింది.

ఎలా పరిగెత్తానో నాకే తెలీదు. పైన రెక్క చలిజ్వరం వచ్చినట్టు వణికిపోతోంది. సరిగ్గా దాని కిందే ఆడవాళ్ళు బుట్టలు దించుకుని కబుర్లాడుతున్నారు. నా చేతులారా నా పెళ్ళాన్ని చంపుకుంటున్నాను దేవుడా అనుకున్నాను.

"పరిగెత్తండే... పరిగెత్తండి!"

చెల్లకని పకపకా నవ్వింది. "ఇప్పుడు నువ్వు భయపెడతావా? వాణ్ణి వెళ్ళగొట్టావుగా!"

అప్పుడు పైనుంచి—

టక్. టక్. టక్.

ఆడవాళ్ళు కెవ్వుమని బుట్టలు వదిలేసి తోటలోకి పరుగు తీశారు. వాళ్ళు నిలబడ్డ చోటే రెక్క విరిగి పడింది.

తెల్లారాక జెబరాజ్ సారు, "గుడ్డ ఊడొచ్చి దిమ్మె మళ్ళీ కొట్టుకుందిరా, అంతే," అన్నాడు. నాకు ప్రాణం కుదుటపడింది. విరిగిన కొస దగ్గర కూర్చుని మూత తీశాను.

కుక్కిన గుడ్డ కుక్కినట్టే ఉంది. దిమ్మె వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

చెల్లకని నా భుజం మీంచి తొంగిచూసింది. "పేచ్చిముత్తన్న వెళ్ళలేదయ్యా," అంది మెల్లగా.